అధికారమును తిరిగి అప్పగించిన సేనాని

జార్జి వాషింగ్టను పేరు వినగానే మన పాఠశాలలలో చాలమందికి ఒక చెర్రీచెట్టు జ్ఞాపకమునకు వచ్చును. బాలుడైన జార్జి తన తండ్రి ప్రీతితో పెంచుకొన్న చెట్టును గొడ్డలితో నరికెననియు, తండ్రి గద్దించి అడిగినప్పుడు అబద్ధమాడక తప్పు ఒప్పుకొనెననియు ఆ కథ. నీతిబోధకు అది అనుకూలమైన కథయే. కాని అది జరిగినదనుటకు ఆధారము లేదు. 1799లో వాషింగ్టను మరణించిన పిమ్మట, ఊరూర తిరిగి పుస్తకములు అమ్ముకొనుచుండిన మేసన్ వీమ్సు అను మతాచార్యుడు ఆయన జీవితమును వ్రాసి ప్రకటించెను. 1806 నాటి ముద్రణములో ఈ చెట్టు కథ చేరినది. సత్యమును బోధించుటకు ఒక కల్పన ఆధారమగుట విచిత్రమే.

వాషింగ్టను గొప్పతనమునకు ఇట్టి కల్పనలతో పనిలేదు. పెద్ద యుద్ధములలో పెక్కింట ఓడిన సేనాని తన జాతికి స్వాతంత్ర్యమును ఎట్లు సంపాదించి యిచ్చెను? దేశమంతయు తన చేతిలో నున్నప్పుడు ఒకసారి కాదు, రెండుసార్లు ఆ అధికారమును తనంతట తానుగా ఏల విడిచిపెట్టెను? యుద్ధమున నాయకత్వ మెట్టిదో మొదటి ప్రశ్న తెలుపును. రాజకీయమున నాయకత్వ మెట్టిదో రెండవది తెలుపును. ఈ రెండింటికిని సమాధానము ఒక్కటియే యని ఆయన జీవితమును పరిశీలించినచో బోధపడును.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన వర్జీనియాలో జన్మించెను. అది ఆనాడు ఆంగ్లేయుల వలసరాజ్యము. తండ్రి పొగాకు పండించు భూస్వామి. జార్జికి 11 ఏండ్ల వయసున తండ్రి గతించెను. సవతియన్నలు ఇంగ్లండునకు పోయి చదువుకొనిరి. జార్జికి ఆ అవకాశము దొరకలేదు. కళాశాల గడప ఆయన ఎన్నడును తొక్కలేదు. లెక్కలు నేర్చి, భూమిని కొలుచు విద్య నభ్యసించి, 17వ ఏట సర్వేయరు ఉద్యోగమును సంపాదించుకొనెను. గొలుసును దిక్సూచిని చేపట్టి అడవులలో, కొండలలో తిరిగిన ఆ దినములే ఆయనకు విశ్వవిద్యాలయము. నేల మిట్టపల్లములు, నదుల రేవులు, చలి, ఆకలి ఆయనకు పుస్తకముల వలన గాక అనుభవము వలన తెలిసినవి.

1753లో ఫ్రెంచివారు ఒహాయో నదీప్రాంతమున కోటలు కట్టుకొనుచుండగా, వారిని వెడలిపొమ్మను లేఖను గొనిపోవుటకు వర్జీనియా గవర్నరు ఈ యువకుని పంపెను. మరుసటి యేడు కొద్దిపాటి సైన్యముతో అచ్చటికే పంపబడి ఆయన తొందరపడి ఒక ఫ్రెంచి దళముపై బడెను. దాని నాయకుడు ఆ దాడిలో మరణించెను. కొలది వారములకే ఫ్రెంచివారు ఆయనను ముట్టడించిరి. జోరున వర్షము కురియుచుండగా, 1754 జులై 3వ తేదీ రాత్రి ఆయన లొంగుబాటు పత్రముపై చేవ్రాలు చేసెను. ఆ పత్రము ఫ్రెంచి భాషలో నుండెను. ఆయనకా భాష రాదు. చనిపోయిన ఫ్రెంచి నాయకుని తాము హత్య చేసినట్లు ఒప్పుకొను మాట అందు కలదని తరువాత గాని తెలియలేదు. ఈ చిన్న కలహము ఇంగ్లండు ఫ్రాన్సుల నడుమ మహాయుద్ధమునకు నాంది యయ్యెను.

1755లో బ్రాడక్కు అను ఆంగ్ల సేనాపతి వెంట ఆయన మరల ఆ అడవులకే పోయెను. చెట్ల చాటునుండి ఫ్రెంచివారును, వారి పక్షముననున్న ఆదిమజాతుల యోధులును కాల్చుచుండగా, ఎఱ్ఱకోటుల ఆంగ్లసేన చెదరిపోయెను. బ్రాడక్కు మరణించెను. వాషింగ్టను ఎక్కిన గుఱ్ఱములు రెండు నేలగూలినవి. ఆయన కోటును నాలుగు తూటాలు చీల్చినవి. ఒంటికి మాత్రము గాయము తగులలేదు. ధైర్య మొక్కటియే సైన్యమును కాపాడజాలదనియు, ఎంతటి ప్రసిద్ధసేనయైనను క్రమము తప్పినచో గుంపుగా మారిపోవుననియు ఇరువదిమూడేండ్ల ప్రాయమున ఆయన కన్నులార చూచెను.

పిమ్మట 1759లో మార్తా కస్టిసు అను సంపన్న వితంతువును వివాహమాడి, మౌంటు వెర్నను అను తన ఎస్టేటులో వ్యవసాయము చేయించుచు కాలము గడపెను. వర్జీనియా శాసనసభలో పదునైదేండ్లకు పైగా సభ్యుడుగా నుండెను. ఆయన వక్త కాడు. మాట తక్కువ, వినుట ఎక్కువ. స్వభావముచే కోపిష్ఠియే యైనను, ఆ కోపమును అణచుకొనుట చిన్ననాటినుండియు అలవరచుకొనెను. ఇతరులను పాలింపవలసిన వానికి ఇది తొలి విద్య.

ఇంతలో ఆంగ్ల పార్లమెంటు విధించిన పన్నుల వలన పదుమూడు వలసలలో అసంతృప్తి ప్రబలెను. ఆ పార్లమెంటున తమకు ప్రాతినిధ్యము లేనప్పుడు తమపై పన్నులు వేయు హక్కు దానికెక్కడిదని వలసవారి వాదము. 1775 ఏప్రిలులో లెక్సింగ్టను కడ కాల్పులు జరిగెను. జూను 15వ తేదీన వలసల ప్రతినిధుల కాంగ్రెసు వాషింగ్టనును సర్వసేనానిగా ఎన్నుకొనెను. ఆయన జీతము తీసికొననని చెప్పి, ఖర్చులు మాత్రము ఇప్పింపుడని కోరి, ఆ లెక్కలను తానే వ్రాసికొనెను.

ఆయనకు దక్కిన సైన్యమెట్టిది? నాగలి విడిచి తుపాకి పట్టిన రైతులు, చేపలు పట్టువారు, చిల్లర వర్తకులు. చాలమంది ఒక్క యేడాదికే కొలువు కుదిరినవారు. గడువు తీరినంతనే ఇంటి దారి పట్టువారు. తుపాకిమందు చాలదు, బట్టలు చాలవు. ఎదుట నున్నది ఆనాటి ప్రపంచమున అగ్రశ్రేణికి చెందిన సైన్యము, దానికి తోడు నౌకాబలము. అయినను 1776 మార్చిలో బోస్టను నగరము విముక్తమయ్యెను. హెన్రీ నాక్సు అను యువకుడు, ఒకప్పటి పుస్తకవర్తకుడు, దూరమందలి టికొండెరోగా కోటనుండి ఫిరంగులను మంచుపై బండ్లతో ఈడ్పించి తెచ్చెను. వాషింగ్టను వాటిని నగరమునకు ఎగువనున్న గుట్టలపై నిలిపించెను. ఆంగ్లేయులు ఓడలెక్కి వెడలిపోయిరి. నాక్సు చదివిన పెద్ద చదువేమియు లేదు; వయసు ఇరువదియైదు. తగినవానిని గుర్తించి పని నప్పగించుట నాయకుని నేర్పు.

కాని ఆ సంతోషము ఎంతో కాలము నిలువలేదు. సుమారు 30,000 సైన్యముతో ఆంగ్లేయులు న్యూయార్కుపైకి వచ్చిరి. ఆగస్టు 27వ తేదీన లాంగు ఐలండు యుద్ధమున వాషింగ్టను ఘోరముగా ఓడెను. ఒక కనుమదారికి చాలిన కాపు పెట్టకపోవుట ఆయన లోపమే. శత్రువు ఆ దారిన వచ్చి ప్రక్కనుండి మీదపడెను. వెనుక నది, ముందు శత్రువు. మరునాడో, ఆ మరునాడో సైన్యమంతయు బందీ కావలసినదే. ఆగస్టు 29వ తేదీ రాత్రి మసాచుసెట్సు బెస్తవారు పడవలు నడుపగా, దాదాపు 9,000 మంది సైనికులు చప్పుడు చేయక నది దాటిరి. తెల్లవారుజామున కమ్మిన పొగమంచు మిగిలినవారిని కాపాడినది. చివరి పడవలలో ఒకదానిలో వాషింగ్టను ఎక్కెను.

ఆ యేడు అంతటితో పీడ విరగడ కాలేదు. నవంబరులో ఆయన పేరుగల కోటయే శత్రువుల వశమయ్యెను. 2,800 మంది బందీలైరి. దానిని నిలుపవలెనో విడువవలెనో తేల్చుకొనలేక ఆయన తటపటాయించుటయే ఆ నష్టమునకు మూలము. మిగిలిన సైన్యము న్యూజెర్సీ మీదుగా వెనుకకు నడిచి డెలవేరు నదిని దాటెను. డిసెంబరు 31వ తేదీతో చాలమంది గడువు తీరిపోవును. సైన్యమే లేనిచో స్వాతంత్ర్యమెక్కడిది?

అట్టి సమయమున డిసెంబరు 25వ తేదీ రాత్రి, మంచుగడ్డలు తేలుచున్న ఆ నదినే మరల దాటి, 2,400 మందితో తెల్లవారునప్పటికి ట్రెంటను పట్టణమునకు నడిచెను. ఆంగ్లేయుల కొలువునందున్న జర్మను సైనికులు సుమారు 900 మంది పట్టుబడిరి. మరుసటి వారమున, శిబిరపు మంటలు మండుచుండగనే శత్రువును ఏమార్చి, రాత్రికి రాత్రి ప్రిన్స్‌టనుకు నడిచి అచ్చటను గెలిచెను. ఈ విజయములు లెక్కకు చిన్నవి, ఫలమునకు పెద్దవి. వీటి వలన ప్రజలకు ఆశ చిగురించెను, సైన్యము నిలిచెను.

ఈ యేడాది అనుభవము వలన వాషింగ్టను గ్రహించిన యుద్ధరహస్య మొకటి కలదు. నగరములు పోయిన పోనిమ్ము, సైన్యము పోరాదు. శత్రువు సముద్రము దాటి వచ్చినవాడు. కాలము గడచుకొలది అతనికి ఖర్చు పెరుగును, విసుగు పుట్టును. కావున ఓడిపోకుండుటయే గెలుపు. వినుటకు ఇది తేలిక, ఆచరించుట కష్టము. ఎందుకనగా, వెనుకకు తగ్గు సేనానిని లోకము పిరికివాడనును. ఆ నిందను మోయగల ధైర్యము కత్తి దూయు ధైర్యముకన్న అరుదైనది.

సైన్యమును కాపాడుటయనగా గుండ్లనుండి కాపాడుట మాత్రమే కాదు. మశూచి అప్పుడు శత్రువుకన్న ఎక్కువమందిని పొట్టబెట్టుకొనుచుండెను. వాషింగ్టను తన 19వ ఏట బార్బడోసు ద్వీపమునకు పోయినప్పుడు ఆ జాడ్యమున పడి బ్రతికినవాడు. 1777లో ఆయన సైనికులకు మశూచి రసిని ఎక్కించి తేలికగా వ్యాధి వచ్చునట్లు చేయించెను. జెన్నరు టీకా అప్పటికింకను పుట్టలేదు. టీకా పొందినవారు కొన్ని వారములు మంచము పట్టుదురు. శత్రువునకు తెలిసినచో ప్రమాదము. అందుచేత ఆ పనిని గుట్టుగా నడిపించెను. ఆ యుద్ధమున ఆయన చేసిన ముఖ్యనిర్ణయములలో ఇది యొకటియని చరిత్రకారుల అభిప్రాయము.

1777లో బ్రాండీవైను, జెర్మన్‌టౌను యుద్ధములలో ఆయన మరల ఓడెను. రాజధానియైన ఫిలడెల్ఫియా శత్రువు చేజిక్కెను. అదే కాలమున ఉత్తరమున సారటోగా కడ గేట్సు అను సేనాని గొప్ప విజయమును సాధించెను. సేనానిని మార్చవలెనను గుసగుసలు బయలుదేరినవి. ఆ శీతకాలము వాషింగ్టను తన సైన్యముతో వ్యాలీ ఫోర్జి అను చోట గడపెను. చెప్పులు లేని కాళ్లు, చాలీచాలని తిండి, కఱ్ఱదుంగల గుడిసెలు. రోగములచే సుమారు 2,000 మంది మరణించిరి. ఆయన సైన్యమును విడిచి ఇంటికి పోలేదు. కాంగ్రెసుకును రాష్ట్రములకును లేఖపై లేఖ వ్రాసెను; సరఫరా పనిని గ్రీను అను సమర్థునికి అప్పగించెను. స్టాయిబెను అను ప్రష్యా దేశీయుడు ఇంగ్లీషు సరిగా రాకున్నను దుబాసీల సాయముతో సైనికులకు కవాతు నేర్పెను. 1778 జూనులో మాన్‌మౌతు కడ శత్రువు నెదుర్కొన్నది పాత గుంపు కాదు, క్రొత్త సైన్యము.

సారటోగా విజయము చూచి ఫ్రాన్సు 1778లో అమెరికా పక్షమున చేరెను. 1781లో వాషింగ్టను న్యూయార్కుపై దాడి చేయ దలచెను. ఫ్రెంచి సేనాని రోషాంబో దక్షిణమునకు పోవుట మేలనెను. ఫ్రెంచి నౌకాదళము చెసపీకు అఖాతమునకు వచ్చుచున్నదని తెలియగానే వాషింగ్టను తన సంకల్పమును పక్కకు నెట్టి, శత్రువును ఏమార్చి దక్షిణమునకు నడిచెను. నేలపై రెండు సేనలు, నీటిపై ఫ్రెంచి ఓడలు చుట్టుముట్టగా, అక్టోబరు 19వ తేదీన యార్కుటౌనులో కారన్‌వాలిసు 7,000కు పైగా సైన్యముతో లొంగిపోయెను. ఈ కారన్‌వాలిసే 1786లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి, 1792లో టిప్పు సుల్తానును ఓడించి, 1793లో బెంగాలున శాశ్వత శిస్తు పద్ధతిని నెలకొల్పెను. 1802 నాటి మద్రాసు శాసనముతో ఆ పద్ధతియే ఉత్తర సర్కారు జిల్లాలకు కూడ వచ్చెను. అమెరికాలో ఓడిన సేనాని పేరు మన తెలుగునాటి జమీందారీల చరిత్రలో ఇట్లు నిలిచినది.

యుద్ధము గెలిచిన పిమ్మటనే అసలు పరీక్ష వచ్చినది. సైనికులకు నెలల తరబడి జీతములు లేవు. కాంగ్రెసు ఖజానా వట్టిది. పన్ను వేయు అధికారము దానికి లేదు. 1782లో ఒక సైన్యాధికారి వాషింగ్టనుకు లేఖ వ్రాసి, ఈ దేశమునకు రాజు కావలెనని సూచించెను. ఆయన దానిని తీవ్రముగా తిరస్కరించెను. 1783 మార్చిలో న్యూబర్గు శిబిరమున పేరులేని కరపత్రములు వెలువడినవి. తమ బాకీ తీర్చువరకు సైన్యము కాంగ్రెసును లెక్కచేయ నవసరము లేదని వాటి సారము. మార్చి 15వ తేదీన అధికారులు సమావేశమైరి. వాషింగ్టను ఎవరును అనుకొనకుండ అచ్చటికి వచ్చెను. వారిని ఓర్పుతో నుండుడని వేడుకొనెను. వారి ముఖములలో కోపము చల్లారలేదు. అప్పుడొక లేఖను చదువబోయి, అక్షరములు కనబడక, జేబునుండి కండ్లద్దములు తీసి పెట్టుకొనెను. ఆయన కండ్లద్దములు పెట్టుకొనగా వారిలో పెక్కుమంది అంతకుముందు చూడలేదు. వారి సేవలోనే తన తల నెరసినదనియు, ఇప్పుడు చూపును మందగించుచున్నదనియు ఆయన మెల్లగా అనెను. ఆ మాటతో అధికారుల కన్నులు చెమర్చినవి. ఆయన వెడలిపోయిన పిదప వారు కాంగ్రెసునకు విధేయులమని తీర్మానించిరి. ఎనిమిదేండ్లు వారి కష్టములో పాలుపంచుకొన్నవానికి గాని ఆ క్షణము దొరకదు. నమ్మకము ఒక్కనాట పండు పంట కాదు.

1783 డిసెంబరు 23వ తేదీన అన్నాపోలిసులో సమావేశమైన కాంగ్రెసు ఎదుట నిలిచి, తన సేనాధిపత్య పత్రమును తిరిగి ఇచ్చివేసెను. చదువుచుండగా ఆయన చేతులు వణికినవి. సీజరు రోమునకు ఏమి చేసెనో, క్రాంవెలు ఇంగ్లండుకు ఏమి చేసెనో ఎరిగిన లోకమునకు ఇది వింతగా తోచినది. గెలిచిన సేనాని ఇంటికి పోయి పొలము చూచుకొనుట చరిత్రలో అరుదు.

కాని దేశము ఆయనను ఇంట నుండనీయలేదు. రాష్ట్రములు తమలో తాము కలహించుచుండగా, 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగసభ కూడెను. వాషింగ్టను దానికి అధ్యక్షుడు. నాలుగు మాసముల చర్చలో ఆయన మాటాడినది మిక్కిలి తక్కువ. కాని ఆయన కూర్చుండుటయే సభను నిలిపినది. 1789లో ఎన్నికదారులందరు ఏకగ్రీవముగా ఆయనను తొలి రాష్ట్రపతిగా ఎన్నుకొనిరి; ఏప్రిలు 30వ తేదీన న్యూయార్కులో ప్రమాణము చేసెను. ఆయన మంత్రివర్గమున జెఫర్సను, హామిల్టను అను ఇద్దరు మేధావులు రెండు ధ్రువములవంటివారు. ఇద్దరి అభిప్రాయములను వ్రాతమూలముగా అడిగి తెలిసికొని, ఆలోచించి, పిమ్మట తన నిర్ణయమును ప్రకటించెడివాడు. తనకన్న ఎక్కువ చదివినవారు తన చుట్టు నుండుటకు ఆయన జంకలేదు.

1793లో ఇంగ్లండు ఫ్రాన్సులకు యుద్ధము రాగా, పసిదేశమునకు యుద్ధము తగదని ఆయన తటస్థతను ప్రకటించెను. 1794లో మద్యముపై పన్నును ఎదిరించి పశ్చిమ పెన్సిల్వేనియాలో తిరుగుబాటు జరుగగా, సుమారు 13,000 మంది సైన్యమును సమీకరించెను. తిరుగుబాటు తనంతట చల్లారెను. రాజద్రోహ నేరము రుజువైన ఇద్దరిని క్షమించి విడిచిపెట్టెను. మరుసటి యేడు ఇంగ్లండుతో ఒడంబడికను అంగీకరించినందుకు పత్రికలు ఆయనను తూలనాడినవి. ఆ నిందలు ఆయన మనసును గాయపరచినవి. పత్రికల నోరు మాత్రము ఆయన మూయలేదు.

రెండవసారియు ఏకగ్రీవముగా ఎన్నికైన ఆయన మూడవసారి నిలిచినచో కాదనువారు లేరు. అయినను 1796 సెప్టెంబరులో తాను పోటీ చేయనని ప్రజలకు పత్రికాముఖమున తెలిపి, 1797 మార్చిలో జాన్ ఆడమ్సుకు పదవి నప్పగించి సామాన్య పౌరుడయ్యెను. ఆ మర్యాదను 1940 వరకు ఎవరును మీరలేదు. మీరబడిన పిమ్మట, 1951లో రెండుసార్లకు మించి ఎన్నిక కారాదను నిబంధన రాజ్యాంగముననే చేరెను.

ఇంత చెప్పిన పిమ్మట ఒక చీకటి కోణమును దాచుట న్యాయము కాదు. స్వాతంత్ర్యముకొరకు పోరాడిన ఈ మనుజుడు బానిసల యజమాని. 11వ ఏట తండ్రి ఆస్తితో బానిసలను పొందెను. రాష్ట్రపతిగా నుండి 1793లో, పారిపోయిన బానిసలను పట్టి యిచ్చు చట్టముపై సంతకము చేసెను. 1796లో ఓనా జడ్జి అను యువతి ఆయన యింటినుండి తప్పించుకొని పోగా, ఆమెను తిరిగి రప్పింప ప్రయత్నించెను, ఆమె చిక్కలేదు. క్రమముగా ఆయన మనసు మారెను. 1799లో వ్రాసిన మరణశాసనములో, తన సొంతమైన 123 మంది బానిసలకు భార్య మరణానంతరము విముక్తి కలుగవలెనని నిర్దేశించెను. మార్తా 1801 జనవరి 1వ తేదీననే వారిని విడిపించెను. భార్య మొదటి భర్త ఆస్తికి చెందినవారు మాత్రము బానిసలుగనే మిగిలిరి. అధికారమును వదలుకొనుట నెరిగిన వాడు ఈ అధికారమును ప్రాణమున్నంతవరకు వదలుకొనలేకపోయెను. ఆయన గొప్పతనమును కొలుచు కొలబద్దయే ఆయన లోపమును కూడ కొలుచుచున్నది.

1799 డిసెంబరు 14వ తేదీన వాషింగ్టను మౌంటు వెర్ననులో మరణించెను. ప్రతిభలో ఆయనను మించిన సేనానులు కలరు; జ్ఞానమున ఆయనను మించిన రాజనీతిజ్ఞులు ఆయన మంత్రివర్గముననే కలరు. కాని అధికారము తన సొత్తు కాదు, ప్రజలు తనకడ దాచిన సొమ్ము అను ఎఱుక ఆయనకు మెండు. ఆ ఎఱుకయే యుద్ధమున ఆయనచేత కీర్తికొరకు సైన్యమును బలిపెట్టనీయలేదు; శాంతికాలమున పదవికొరకు దేశమును బలిపెట్టనీయలేదు. ఉపాధ్యాయులు చెర్రీచెట్టు కథకు మారుగా న్యూబర్గు శిబిరమందలి కండ్లద్దములను, అన్నాపోలిసు సభలో వణికిన చేతులను, మౌంటు వెర్నను బానిసల పట్టికను కూడ విద్యార్థుల ముందుంచవలెను. సంపూర్ణుడైన వీరుని పూజించుటకన్న, లోపములు గల మనుష్యుడు ఎచ్చట తన్ను తాను జయించెనో, ఎచ్చట జయింపలేకపోయెనో తెలిసికొనుట యువకులకు ఎక్కువ మేలు చేయును.